బొమ్మక్క కొలతలు

"కదలకండి బొమ్మక్కా, ఇంకొక్క నాలుగు సూదులే" అంది ఆమె మోకాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్న మొదటి సంవత్సరం పిల్ల. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మాట్లాడటం వల్ల ఆ మాటలు ఈల వేసినట్టు వచ్చాయి.

ఆమె కదల్లేదు. కదలకుండా ఉండటమే ఆమె ఉద్యోగం.

ఫ్యాషన్ కాలేజీ రెండో అంతస్తులో, కుట్టు మిషన్ల గదిని ఆనుకుని పొడుగాటి గది ఒకటుంది. కిటికీ పక్కన జానెడెత్తు చెక్కపీట. గోడ వారగా గుడ్డ చుట్టిన కుట్టుబొమ్మలు పదహారు, తలలూ చేతులూ లేకుండా, ఇనప కాళ్ళ మీద నిలబడి ఉంటాయి. పిల్లలు కుట్టినవి ముందు ఆ బొమ్మలకి తొడిగి చూస్తారు. కానీ బొమ్మ ఊపిరి తీయదు, చెయ్యెత్తదు, చంకలో పట్టేసిందని చెప్పదు. అందుకని తర్వాత ఆమెకి తొడుగుతారు. యాభై మూడేళ్ళ మనిషి. చామనఛాయ, గుండ్రటి భుజాలు, పొట్టి మెడ, కుడిభుజం ఎడమదానికన్నా వేలెడు కిందకి. "అందరికీ కుట్టడం నేర్చుకోవాలంటే అందరిలాంటి ఒళ్ళే కావాలి" అని కొలతలూ కత్తిరింపులూ నేర్పే ప్యాటర్న్ మేడమ్ ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ఆమెని చూపించి చెబుతుంది. ఆ మాట పొగడ్తో కాదో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు.

"పదిహేడో బొమ్మకి తల ఉంది, అదొక్కటే చిక్కు" అంటాడు దారాలూ గుండీలూ ఇచ్చే స్టోరు తాత. బొమ్మక్క అన్న పేరు ఆయన పెట్టిందే.

నిలబడటం కూడా ఒక విద్యే. బరువు మడమల మీద ఉంచాలి. మోకాళ్ళు బిగించకూడదు, బిగిస్తే అరగంటలో కళ్ళు తిరుగుతాయి. చూపు ఒకచోట ఆనించుకోవాలి. ఆమె చూపు కిటికీ రెక్క పైకీలు మీద ఉంటుంది. ఎదురుగా నిలువెత్తు అద్దం ఉన్నా అందులోకి చూసుకోవడం ఎప్పుడో మానేసింది. చూసినప్పుడల్లా కనపడేది ఎవరిదో బట్ట, సగం కుట్టింది, ముగ్గుపిండిలాంటి సుద్దగీతలతో. ఈ నిలబడటం ఆమెకి ఇక్కడ వచ్చింది కాదు. అంతకుముందు పద్నాలుగేళ్ళు కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో, తెల్లటి లైటు ముందు నుంచి సాగిపోయే సీసాల్లో నలక ఉందేమో చూసే పని చేసింది. కూర్చుంటే కునుకు పడుతుందని అక్కడ స్టూలు ఇచ్చేవాళ్ళు కాదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. ఒక పరీక్ష రోజున బొమ్మ కాలు విరిగితే, ప్యాటర్న్ మేడమ్ ఆమె చేతిలో చీపురు తీసి పక్కన పెట్టి, "పది నిమిషాలు ఇలా నిలబడు" అంది. ఆమె గంటంబావు నిలబడింది. మర్నాటినుంచి చీపురు ఇంకొకళ్ళ చేతికి వెళ్ళింది.

ఈ ఉద్యోగం సంగతి ఇంటికెళ్ళి చెప్పినప్పుడు అత్తగారు పడీపడీ నవ్వింది. "జీతమిచ్చి మరీ నిలబెడతారుటే? మా రోజుల్లో బళ్ళో తప్పు చేస్తే ఊరికే నిలబెట్టేవాళ్ళు." ఆ రోజు నుంచి సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తగారి మొదటి ప్రశ్న, "ఇవాళెన్ని గంటలు శిక్ష?"

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళ కిందట, పొద్దున పదిగంటల ట్రిప్పులో, గుండెల్లో నొప్పి వస్తే బస్సుని రోడ్డు వారకి తెచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు మీద వాలిపోయాడు. "ఒక్కరికి గీత పడలేదు" అని అత్తగారు ఇప్పటికీ చెబుతుంది, కొడుకు ఏదో పెద్ద పరీక్ష పాసైనట్టు. పిల్లలు లేరు. దినాలయ్యాక ఆమె పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు. ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు గోడ వైపు చూస్తోంది. "తర్వాత వస్తాలే" అంది ఆమె. ఆ తర్వాత అన్నది రానేలేదు.

"అయింది, దిగండక్కా" అంది సూదుల పిల్ల.

దిగేటప్పుడు కుడివైపు డొక్కలో, పక్కటెముకల కింద, పిడికెడంత చోట కలుక్కుమంది. ఆమె పీట అంచు పట్టుకుని, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు కాసేపు వంగి ఉండిపోయింది. ఈ నొప్పికి కూడా ఆమె నిలబడటం నేర్చుకుంది. పైపైన ఊపిరి తీసుకుంటే సూదులు పెట్టేవాళ్ళకి తెలియదు. నెల కిందట క్లినిక్కుకి వెళ్ళింది. డాక్టరు అక్కడ వేళ్ళతో నొక్కి చూసి, ఇంకోసారి నొక్కి చూసి, స్కానింగుకి చీటీ రాసిచ్చాడు. చీటీ సంచి లోపలి అరలో ఉంది. పిల్లల పరీక్షలయ్యాక వెళ్ళొచ్చని దాన్ని అక్కడ పెట్టి, పైన దువ్వెన పెట్టింది.

టీ వేళకి స్టోరు తాత కిటికీలోంచి తల బయటపెట్టాడు. "బిస్కెట్టు సగమే తిన్నావే? చిక్కిపోతున్నావు తల్లీ నువ్వు."

"నేనా? చొక్కా చూడు తాతా. రెండేళ్ళ కిందటి చొక్కా, ఎలా పట్టిందో!" అంది ఆమె, పక్కలు చరుచుకుని చూపిస్తూ.

అది ఆయన నోరు మూయించడానికి అన్నది కాదు. ఆమె నిజంగా అలాగే అనుకుంటోంది. ఆమెకి మూడు నూలు చొక్కాలు. నీలంది, బూడిదరంగుది, ఇటుకరంగుది. మూడూ ఒకే కత్తిరింపు. కిందకి వేసుకునే ప్యాంటుకి నాడా కాబట్టి ఎంత బిగించినా తెలియదు. ఇంట్లో ఉన్నది అరచెయ్యంత అద్దం. మనసులో గుబులు పుట్టినప్పుడల్లా చొక్కా వైపు చూసుకునేది. ఒళ్ళు తగ్గితే చొక్కా వేలాడాలి కదా. వేలాడటం లేదు. కాబట్టి ఏమీ లేదు.

పదకొండున్నరకి ఆఖరి సంవత్సరం వాళ్ళ కోట్ల ట్రయల్. ఆ ఏడు వాళ్ళ ప్రాజెక్టు ఒక మనిషికి ఒక కోటు. ఎవరినో ఒకరిని ఎంచుకోవాలి, ఒంటిమీద ఇరవై రెండు చోట్ల కొలతలు తీసి కార్డు మీద రాయాలి, చవక గుడ్డతో నమూనా కుట్టి తొడిగి చూపించాలి, ఆఖరున అస్తరు వేసిన అసలు కోటు. కొలతలకి వేరే మార్కులు. అందులో ఫెయిలైతే కోటుని ఏడాది చివరి ప్రదర్శనకి తీసుకోరు, ఆ పేపరు వచ్చే ఏడు మళ్ళీ రాయాలి.

పిల్లలందరూ సన్నగా రివటల్లా ఉండే స్నేహితుల్ని ఎంచుకున్నారు. బొమ్మక్కని ఎంచుకున్నది ఒక్కతే. ఆ పిల్లని క్లాసులో అందరూ 'తిరగేసి' అంటారు. ఏ బట్ట కనపడినా లోపలివైపు బయటికి తిప్పి చూడందే ఊరుకోదు. తల్లి నడిపే డ్రైక్లీనింగు షాపులో, బల్ల కింద ఆడుకుంటూ పెరిగింది. అక్కడికి బట్టలన్నీ తిరగేసే వస్తాయి, తిరగేసే ఉతుకుతారు. "పైన చూస్తే బట్ట కొన్నవాళ్ళ గురించి తెలుస్తుందక్కా, లోపల చూస్తే కుట్టినవాళ్ళ గురించి తెలుస్తుంది" అని ఒకసారి చెప్పింది. చుట్టాల ఇంటికెళ్ళి, పెళ్ళికొడుకు కోటు లోపలివైపు చూస్తూ పట్టుబడి చీవాట్లు తిన్న పిల్ల. దాని దగ్గర ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంది. నిండా బొమ్మలే. ముఖాలుండవు, మోడల్సుండరు. చిరిగిన జేబుల అడుగులు, మాసికలు, గుండీ వెనక తిరిగిన దారం, ఎవరో తండ్రి కాలరు తిప్పి కుట్టిన తీరు. వేరేవాళ్ళు ఫ్యాషన్ షోలు చూసే సాయంకాలాల్లో ఆ పిల్ల పాతబట్టల అంగడిలో కుప్పల ముందు కూర్చునేది.

"నన్నెందుకు ఎంచుకున్నావు తల్లీ? నా భుజం వంకర నీకు తలనొప్పి" అని, మూణ్ణెల్ల కిందట కొలతలు తీసిన మొదటి రోజున బొమ్మక్క అడిగింది.

"పదకొండేళ్ళుగా అందరివీ మీరే తొడుక్కుంటున్నారు. ఒక్కటైనా ఇంటికి తీసుకెళ్ళారా?"

ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న అది. కోటు ఎలా ఉండాలని పిల్ల అడిగితే చాలాసేపు ఆలోచించి, "లోపల ఒక జేబు, బస్సు పాసుకి. మిగతాది నీ ఇష్టం" అంది. ఆ రాత్రి అత్తగారికి చెబితే, "ముదురాకుపచ్చ అడగవే, మట్టి కనపడదు" అంది అత్తగారు. మర్నాడు ఆ మాట పిల్లకి చేరవేసింది.

ఇప్పుడు నమూనా కోటు ఆమె ఒంటి మీద ఉంది. తెల్లటి ముతక గుడ్డ. కొలతల కోసం వేసుకునే నల్ల బనీను మీద తొడిగి, పిల్ల ముందు సూదులు పెట్టింది. పెట్టి, వెనక్కి జరిగి చూసింది.

కోటు వేలాడుతోంది. భుజాలు సరిగానే కూర్చున్నాయి. భుజాల కింద నుంచి మాత్రం ఎవరో లావుపాటి అక్కది తెచ్చి తొడిగినట్టుంది. ప్యాటర్న్ మేడమ్ వచ్చి నడుం దగ్గర గుడ్డని రెండు వేళ్ళతో పట్టి లాగింది. పిడికెడు గుడ్డ వచ్చింది.

"ఇదేమిటి?"

పిల్ల కొలతల కార్డు తీసి ఇచ్చింది.

మేడమ్ తన మెడలోని టేపు తీసి తనే కొలిచింది. కార్డు చూసింది. మళ్ళీ కొలిచింది. "మూడంగుళాలు! అరంగుళమైతే చెయ్యి జారింది అనుకుంటాను. మూడంగుళాలేమిటి? మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఇంత తప్పు తియ్యరు."

"సరిగానే తీశాను మేడమ్. రెండుసార్లు తీశాను."

"మరి మనిషి మారిందా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ ఎర్రపెన్నుతో కార్డుకి అడ్డంగా గీత గీసి, 'కొలత తప్పు' అని రాసి, పిల్ల చేతిలో పెట్టింది. ఆవిడ దుర్మార్గురాలేం కాదు. పాతికేళ్ళుగా టేపుతో బతుకుతున్న మనిషి. కోపం వచ్చింది కూడా, బాగా చదివే పిల్ల ఇలా చేసిందేమిటనే.

పీట మీద బొమ్మక్క కిటికీ కీలు వైపు చూస్తూ నిలబడింది. పాపం, టేపు వదులుగా పట్టుకుని ఉంటుంది అనుకుంది. చిన్నపిల్ల, గాభరా. సూదులు తీస్తుంటే అది రెండు సూదులు జారవిడవడం చూసి, "పోనీలేమ్మా, అందరికీ జరిగేదే" అని భుజం తట్టింది. పిల్ల తలెత్తి ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది.

మధ్యాహ్నం గది ఖాళీ అయింది. బొమ్మక్క బట్టలు మార్చుకునే తెర వెనక స్టూలు మీద కూర్చుని డబ్బా తెరిచి, మూడు ముద్దలు తిని మూత పెట్టేసింది. నల్ల బనీను ఇంకా విప్పలేదు. తెర అవతల చాలాసేపటినుంచి అలికిడి లేదు. పిల్ల అక్కడే ఉందని మాత్రం తెలుస్తోంది.

"అక్కా, ఒక తప్పు చేశాను" అంది తెర అవతలినుంచి.

"ఇంకొకటా?" అని నవ్వింది ఆమె. "రా, లోపలికి రా."

పిల్ల వచ్చింది. చేతుల్లో కొక్కేనికి ఉండాల్సిన నీలం చొక్కా. తిరగేసి ఉంది.

"అడక్కుండా తీశాను. చెయ్యి ఊరుకోలేదు."

"ఊరుకోకపోతే ఊరుకోలేదులే. అందులో దాచుకోడానికి ఏముంది గనక?"

"ఇది ఎవరు కుట్టారక్కా?"

"నేనే. ఇక్కడే, మిషన్ల గదిలో, సెలవుల్లో కుట్టుకున్నా."

"పక్క కుట్లు?"

"అవీ మిషనే."

"మీ మిషన్ కుట్టు ఇదీ" అని పిల్ల చూపుడువేలు పెట్టింది. "దానికి లోపల ఇవి చూడండి."

ఆమె చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మిషన్ కుట్టుకి పావంగుళం లోపలగా చేత్తో వేసిన కుట్టు ఒక వరస, చంక నుంచి కింది అంచు దాకా. దానికి ఇంకో పావంగుళం లోపల ఇంకొకటి. ఇంకో పావంగుళం లోపల మూడోది. ఏటవాలు కుట్లు, చీమల బారంత సన్నం. ఎక్కడా ముడి కనపడదు. మొదటి వరస దారం ఉతుకుల్లో వెలిసింది. రెండోది కొంచెం వెలిసింది. మూడోది నిగనిగలాడుతోంది.

"మొదటిది రెణ్ణెల్ల కిందటిది అయ్యుంటుంది. మూడోది ఈ వారంలోదే" అంది పిల్ల మెల్లగా. "ఇలాంటి కుట్టు నేను పుస్తకంలో చూశానక్కా. చేతితొడుగుల వేళ్ళు మూయడానికి వేస్తారట. ఇప్పుడు వేసేవాళ్ళున్నారని తెలీదు."

ఉన్నారు. ముప్పై ఏళ్ళు చేతితొడుగుల ఫ్యాక్టరీలో వేళ్ళు మూసిన మనిషి ఒకావిడ ఉంది. ఎనభై ఏళ్ళు. ఎడమకంట్లో పొర.

ఆమెకి ముందు తట్టింది తన ఒంటి సంగతి కాదు. తను కాలేజీకి వచ్చేశాక ఇంట్లో, కిటికీ పక్కన వెదురు మోడా మీద, ఉతికి ఆరేసిన చొక్కా ఒళ్ళో వేసుకుని, కళ్ళు కనపడక వేలికొసతో కుట్టు తడుముకుంటూ కూర్చున్న అత్తగారు కళ్ళ ముందు మెదిలింది. మూడు చొక్కాలు. రెండేసి పక్కలు. మూడేసి వరసలు. మరి ఎంత తగ్గించాలో ఆవిడకి ఎలా తెలిసింది? ఈమధ్య రోజూ పొద్దున గుమ్మం దాటబోతుంటే, "ఆగవే, చొక్కా వెనక ముడత పడింది" అని రెండు చేతులూ నడుం చుట్టూ వేసి సవరించేది. వయసు మీదపడి ఆపేక్ష ముదిరిందనుకుంది తను.

"ఒక్కో వరసకి పావంగుళం" అంటోంది పిల్ల. "రెండు పొరలు, రెండు పక్కలు. వరసకి అంగుళం అక్కా. మూడు వరసలు." ఆగింది. "నా కార్డు తప్పు కాదు."

ఆమె చొక్కాని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో నిమిరింది. డొక్కలో నొప్పి ఉన్నచోటే ఉంది.

"నేను మేడమ్‌కి చెప్పనక్కా" అంది పిల్ల గబగబా. "ఇది మీ సొంత విషయం. మిమ్మల్ని పీట మీంచి దింపేస్తారేమో కూడా. కొలత తప్పే అనుకోనీండి. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను, కోటు అప్పుడు కుడతాను."

"వచ్చే ఏడు ఎవరికి కుడతావు?"

ఆమె మామూలుగానే అడిగింది, బస్సెప్పుడుందని అడిగినట్టు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె లేచి, డబ్బా సంచిలో పెట్టి, తిరగేసిన చొక్కా చేత్తో పట్టుకుని, నల్ల బనీనుతోనే మేడమ్ గదికి నడిచింది. వరండాలో పిల్లలు తప్పుకుని దారిచ్చారు. పీట మీద కాకుండా ఆ బనీనులో ఆమెని ఎవరూ చూసి ఉండలేదు.

"మేడమ్, ఆ పిల్ల కొలత సరైందే. తగ్గింది నేను."

మేడమ్ కాగితాల మీంచి తలెత్తింది. ఆమె చొక్కాని బల్ల మీద పరిచి, పక్క కుట్టు చూపించింది. చెప్పాల్సింది ఎక్కువ లేకపోయింది. మేడమ్ బొటనవేలు మొదటి వరస మీద, రెండో వరస మీద, మూడో వరస మీద నెమ్మదిగా నడిచింది. తర్వాత ఆవిడ కళ్ళజోడు తీసింది.

"కూర్చోండి" అంది.

పదకొండేళ్ళలో ఆవిడ 'అండి' అనడం అదే మొదలు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

మేడమ్ కార్డు తెప్పించింది. తను రాసిన ఎర్రమాటని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, కింద కొత్త తేదీ వేసింది. "రెండోసారి కొలతలు తీసి రాయి" అని పిల్లతో చెప్పి పంపించి, ఆమె వైపు తిరిగింది. "డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. స్కానింగు రాశారు."

"ఎప్పుడు రాశారు?"

"నెలవుతోంది."

"రేపే వెళ్ళండి. పీట ఎక్కడికీ పోదు."

"అలాగే మేడమ్."

పీట పోదు. కానీ వారం వారం మారే ఒంటి మీద పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఆ సంగతి మేడమ్‌కి తెలుసు, ఆమెకీ తెలుసు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆమె మళ్ళీ పీటెక్కింది. పిల్ల ఇరవై రెండు చోట్ల టేపు వేసింది. మెడ, భుజం, వీపు అడ్డం. అంకెలు గొణుక్కుంటూ రాసుకుంటోంది. నడుం దగ్గరికి వచ్చేసరికి అంకె పైకి అనకుండానే రాసుకుంది.

"గట్టిగా చదువమ్మా. నాకూ తెలియాలిగా" అంది ఆమె.

పిల్ల గట్టిగా చదివింది. ఆ పూట ఆమె కిటికీ కీలు వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసుకుంది. నల్ల బనీనులో, ఒక భుజం కిందకి వాలి, మెడ దగ్గర ఎముకలు తేలిన ఒక ఆడమనిషి. ఎవరి బట్టా ఒంటి మీద లేదు. చాలారోజుల తర్వాత కలిసినవాళ్ళని పలకరించబోయినట్టు ఆమె పెదాలు కొంచెం కదిలాయి.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. స్టాపులో దిగి, వీధి మలుపులో రెండుసార్లు ఆగి, ఇల్లు చేరింది. అత్తగారు కిటికీ పక్కన మోడా మీద ఉంది.

"ఇవాళెన్ని గంటలు శిక్ష?"

"అయిదు."

"మంచి ఖైదీవి."

ఆమె నవ్వింది. కాళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని, నీలం చొక్కాని తిరగేసి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఈసారి కాస్త ఎక్కువ లోపలికి వెయ్యండి. వారం వారం మీకు శ్రమ."

అత్తగారి చేతులు చొక్కా మీద ఉన్నచోటే ఆగిపోయాయి. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆవిడ మోడా పక్కన తడిమి, సూదుల డబ్బా తీసి, కోడలి వైపు చాపింది.

"దారం ఎక్కించి ఇయ్యి. కళ్ళు కనపట్టం లేదు."

ఆమె దారం ఎక్కించి ఇచ్చింది.

"ఇన్ని రోజులు నా పక్కనే పడుకుని ఒక్క మాట చెప్పలేదు కదే నువ్వు" అంది అత్తగారు, సూది గుచ్చుతూ.

"మీరు మాత్రం చెప్పారా?"

"నేను పైకి అనకపోతే తగ్గడం ఆగుతుందేమో అనుకున్నా."

ఆమె ఆవిడ మోడా పక్కన నేల మీద కూర్చుని, గోడకి తల ఆనించింది. వెలుతురు ఉన్నంతసేపూ అత్తగారు కుట్టింది. వెలుతురు పోయాక కూడా వేలికొసతో కొంతసేపు కుట్టింది.

మర్నాడు స్కానింగు తీశారు. క్యాన్సరు కాలేయం నిండా పాకిందన్నారు. ఆ తర్వాత ఆమె నలభై ఒక్క రోజులు బతికింది. ఆఖరి పది రోజులు ఆసుపత్రిలో. స్టోరు తాత వచ్చి బిస్కెట్టు ప్యాకెట్టు తలగడ పక్కన పెట్టి వెళ్ళాడు. మేడమ్ రెండుసార్లు వచ్చింది. తిరగేసి దాదాపు రోజూ వచ్చి, నోటుపుస్తకం తెరిచి, కొత్తగా గీసినవి చూపించేది. ఒకనాటి మధ్యాహ్నం అత్తగారు గ్లాసు కడుక్కు రావడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఆవిడ గ్లాసుని బల్ల మీద బోర్లించి, దుప్పటి సవరించి, ఆ తర్వాతే నర్సుని పిలిచింది.

ప్రదర్శన అయిన వారానికి పిల్ల ఇంటికి వచ్చింది. చేతిలో పెద్ద కాగితం సంచి. గుమ్మంలోనే నిలబడిపోతే అత్తగారు, "ఎవరదీ? తిరగేసా? రా లోపలికి. ఇక్కడ తిరగెయ్యడానికి ఏమీ మిగల్లేదు" అంది.

పిల్ల కోటు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ముదురాకుపచ్చ ఉన్ని, బూడిదరంగు అస్తరు. దానికి క్లాసులో రెండో బహుమతి వచ్చిన సంగతి చెప్పాలనుకుని వచ్చింది గానీ చెప్పలేదు. అత్తగారు కాలరు తడిమింది. భుజం తడిమి, "కుడివైపు దించావు. మంచిది" అంది. లోపల చెయ్యి పోనిచ్చి, జేబు దొరికాక అందులో వేళ్ళుంచి, "పాసు పడుతుంది" అంది. తర్వాత అస్తరు మీంచే పక్క కుట్టు పట్టుకుని, చంక దగ్గరినుంచి కిందకి వెళ్తూ సగంలో ఆగింది. లోపల గుడ్డ మందంగా తగిలింది. బొటనవేలితో ఒకసారి కొలిచింది. ఇంకోవైపు కుట్టు కూడా పట్టుకుని చూసింది.

"లోపల ఎంత వదిలావు?"

"అన్నీ కలిపి మూడంగుళాలు మామ్మా" అంది పిల్ల. "మేడమ్ ఎక్కువైందన్నారు. నేనే కత్తిరించలేదు. ఒళ్ళు మళ్ళీ వస్తే కుట్లు విప్పుకుంటారని..."

అత్తగారు లేచి, గోడ పట్టుకుని నడిచి, తలుపు వెనక కొక్కేనికి కోటు తగిలించింది. పిల్ల వెళ్ళిపోయింది. సాయంత్రమైంది. కోటు అక్కడే ఉంది, బయటికి సన్నగా, పక్క కుట్ల లోపల మాత్రం మూడంగుళాల ఆకుపచ్చ గుడ్డ మడతపడి.